జూన్ నెల అమ్మిన ఐలీ

థండర్ బేలో నవంబరులో పడిన మంచు ఏప్రిల్ దాటితే గాని కదలదు. అలాంటి ఊళ్ళో జనానికి తోటలు వేసి బతుకుదామనుకోవడమే ఒక పొగరు. ఆ పొగరు తోటల వ్యాపారి విల్హోకి ఉండేది. అతను పోయాక కొడుకు రేనోకి వచ్చింది. వాళ్ళిద్దరి దగ్గరా కలిపి ఇరవై రెండేళ్ళు పనిచేసిన ఐలీకి మాత్రం వాళ్ళిద్దరికంటే ఎక్కువే ఉండేది.

ఐలీ పని చెట్లను నిద్ర లేపడం. అక్టోబరులో కుండీల్లోకి ఎత్తి చల్లటి కొట్టంలో పడుకోబెట్టిన ఊదాపూల లైలాక్‌లనీ బర్చ్ చెట్లనీ జనవరి చివర్లో వెచ్చటి గాజుగదిలోకి లాగేది. రోజుకింత చొప్పున వేడి పెంచేది. గోరువెచ్చటి నీళ్ళు కొమ్మల మీద చల్లేది, పొద్దుగూకాక కూడా దీపాలు వెలిగించి ఉంచేది. చెట్లు పాపం, ఎండాకాలం వచ్చేసిందనుకొని కళ్ళు తెరిచేవి. మార్చి రెండో శుక్రవారానికి ఒక్కరోజు అటూ ఇటూ కాకుండా ఒళ్ళంతా పూలతో, చివుళ్ళతో నిలబడేవి. ఆ శుక్రవారమే హాకీ హాల్లో ఇళ్ళూ తోటల ప్రదర్శన మొదలు. ఏడాదికి సరిపడా పనులు ఆ మూడు రోజుల్లో దొరకాలి. దొరకకపోతే ఇక అంతే. మంచు కరిగి జనం పెరట్లోకి తొంగిచూసే వేళకు, ఎవరిని పిలవాలో వాళ్ళు ఎప్పుడో తేల్చేసుకుని ఉంటారు.

మొదట్లో విల్హో అందరిలాగే పత్రికల్లో ప్రకటనలు వేశాడు, ఇంటింటికీ కరపత్రాలు పంచాడు. ఐలీ అవి చూసి పకపకా నవ్వింది.

"గడ్డి రకాలూ రాళ్ళ రకాలూ ఎవడికి కావాలయ్యా? ఐదు నెలలుగా తెలుపు తప్ప ఇంకో రంగు చూడని మొహాలు వాళ్ళవి. వాళ్ళకి మొక్కలమ్మకు. జూన్ నెల అమ్ము."

ఎలా అమ్మాలో కూడా ఆమే చూపించింది. మిగతా వ్యాపారులంతా హాలు నడిమధ్య చోటు కోసం కొట్టుకుంటుంటే, ఆమె గుమ్మం పక్కన, కోట్లు తగిలించే కొక్కేల దగ్గర, ఎవరికీ అక్కర్లేని మూల అడిగి తీసుకుంది. బయటి నుంచి వచ్చినవాళ్ళు ముక్కులు తుడుచుకుంటూ కోటు విప్పుతారు. సరిగ్గా అప్పుడు లైలాక్ వాసన మొహానికి తగలాలి. చెట్టు కింద ఒక బల్ల, బల్ల పక్కన వేడి కాఫీ, ఏలకులు వేసిన తియ్యరొట్టె. భార్య కూర్చుంటుంది, లేవనంటుంది. మొగుడు తోటపని ఒప్పందం మీద సంతకం పెడతాడు. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఏమిటో ఐలీని చూసి నేర్చుకోవాలి.

ఆదివారం సాయంత్రం ప్రదర్శన అయిపోయేది. లేపిన చెట్లను మళ్ళీ పడుకోబెట్టడం కుదరదు. బయట ఒక్క గంట నిలబడితే చస్తాయి. జూన్ దాకా వెచ్చగా ఉంచాలంటే బాయిలరు మండుతూనే ఉండాలి. అందుకని ఐలీ వాటిని హాలు వెనక గోడ దగ్గర వరసగా పెట్టించేది. పూలు చూస్తుండగానే గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పటపట విరిగేవి. ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు.

ఒక ఏడాది ఆ ఆదివారమే హిల్కా అనే ముసలావిడ వచ్చి ఆ వరసలోంచి ఒక లైలాక్ ఇమ్మని అడిగింది. రేవులో గుమాస్తాగా చేసి మానేసిన మనిషి, అద్దె ఇల్లు, వెనక ఒక గాజు వసారా.

"వసారాలో చిన్న పొయ్యి ఉందమ్మా. జూన్ దాకా కాచుకుంటాను."

సామాను సర్దుతున్న పదిమందీ వింటుండగా ఐలీ పగలబడి నవ్వింది. "ఇది బేరం కోసం లేపిన చెట్టు తల్లీ, బతకడానికి లేపింది కాదు. పొయ్యి పెట్టి నువ్వు కాచుకో, దాన్నెందుకు కాచడం? ఇంటికెళ్ళి కాళ్ళు వేడి నీళ్ళలో పెట్టుకుని పడుకో."

అందరూ నవ్వారు. రేనో అందరికంటే గట్టిగా నవ్వాడు. హిల్కా చేతిబండి తెచ్చుకుని, తన కోటు విప్పి చెట్టుకి కప్పి, ఉత్త స్వెట్టరుతో దాన్ని లాక్కుంటూ పోయింది. "రెండూ చస్తాయి" అంది ఐలీ వెనక నుంచి. ఆ మాట మీద ఇంకోసారి నవ్వారు.

ఇంత రాతిగుండె మనిషికీ ఒక చెట్టు ఉంది. ఆమె భర్త ఉర్హో చనిపోయే ఏడాది అంటుకట్టిన ఆపిల్. వాళ్ళకెప్పుడూ సొంత నేల లేదు, బేకరీ పైన రెండు అద్దె గదుల్లోనే కాపురం చేశారు. అందుకే అది పెద్ద చెక్కతొట్టిలోనే పెరిగింది. వేసవిలో రేనో వాళ్ళ పెరట్లో, చలికాలం కొట్టం మూల. ఆగస్టులో పుల్లటి ఎర్రకాయలు కాసేది. ఐలీ వాటితో పది సీసాల జామ్ చేసి, ఏ ఒక్కరికీ ఒక్క చెంచా పెట్టకుండా ఏడాదంతా తానొక్కతే తినేది. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని గాజుగదిలోకి తేలేదు.

హిల్కా వచ్చి వెళ్ళిన రెండేళ్ళకి దక్షిణాన ఉన్న పెద్ద పట్నం నుంచి ఎవరో వ్యాపారులు వచ్చి హాలు మధ్యలో రాతి జలపాతం పెట్టారు. జనం నోరు వెళ్ళబెట్టుకుని అటు పోయారు. రేనోకి ముద్ద దిగలేదు. ఆ మరుసటి జనవరిలో ఐలీ గదికి వచ్చి కాఫీ తాగుతూ మెల్లగా ఎత్తాడు.

"ఐలీ పిన్నీ, లైలాక్‌లు చూసి చూసి జనానికి మొహం మొత్తింది. ఆపిల్ ఒకటి పూతకొస్తే..."

"నోర్ముయ్."

"నా మాట పూర్తిగా విను. ఈసారి గానీ పోయిందంటే గాజుగది మూసెయ్యాల్సిందే. అప్పుడు నీకూ పని ఉండదు, ఆ తొట్టికీ చోటుండదు. నువ్వు పెంచిన చేతులివి, నిన్ను ముంచుతానా? చిన్న గాజుగది జూన్ దాకా వెచ్చగా ఉంచుతాను. ఆ పూచీ నాది."

ఐలీ వాడి మొహంలోకి చూసింది. ఏడేళ్ళ వయసులో ఈ రేనో పారతో కాలు కోసుకుంటే మోసుకుపోయింది ఆమే. "చెయ్యి ఇవ్వు" అంది. ఇచ్చాడు. ఆ ఊరివాళ్ళలో చెయ్యి కలిపాక ఇక కాగితం అడగడం అవమానం. ఆమె అడగలేదు.

చెట్టు ఫిబ్రవరిలో లేచింది. ఐలీ రోజూ మొగ్గలు చూస్తూ, పెళ్ళికూతుర్ని చేస్తున్నట్టు మురిసింది, భయపడింది కూడా. ప్రదర్శన మొదటిరోజు బయట మైనస్ ఇరవై ఏడు. లోపల గుమ్మం పక్కన ఉర్హో ఆపిల్ తెల్లగా, అంచుల్లో గులాబీరంగుతో విరబూసి నిలబడింది. కోట్లు విప్పడం మరిచిపోయి నిలబడిపోయారు జనం. ఒక లారీ డ్రైవరు, ఇంత లావు మనిషి, కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి జలపాతం దగ్గర ఈగలు తోలుకున్నారు. రేనో ఫోటోగ్రాఫరుని పిలిపించి, చెట్టు కింద ఐలీని కూర్చోబెట్టి ఫోటో తీయించాడు.

"నవ్వు పిన్నీ, ఏదో నువ్వే చస్తున్నట్టు పెడతావేం మొహం!"

ఆమె నవ్వింది. నిజంగానే నవ్వింది. ఇరవై రెండేళ్ళలో అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. అందరికీ చెప్పింది, మా ఆయన కట్టిన అంటు అని.

ఆదివారం నాలుగున్నరకి సామాను కట్టడం మొదలైంది. ఆరింటికల్లా హాలు ఖాళీ చెయ్యాలి, రాత్రికి హాకీ ఆట ఉంది. బల్లలు వెళ్ళాయి, కాఫీ సామాను వెళ్ళింది. ఐలీ దుప్పట్లు తెచ్చి చెట్టుకి చుట్టబోతుంటే రేనో వచ్చాడు.

"దుప్పట్లెందుకు పిన్నీ? పెద్ద గాజుగది బాయిలరు ఆర్పేశాం, చిన్నదాంట్లో నీళ్ళు శుక్రవారమే దింపేయించాను. ఈసారి మొక్కలన్నీ బయటనుంచే తెప్పిస్తున్నాను, అదే చవక. అక్కడ యంత్రాలు పెట్టాలి."

"చెయ్యి ఇచ్చావు కదరా."

"ఇచ్చాను. ఇవ్వకపోతే నువ్వు చెట్టు ఇచ్చేదానివా?" రేనో ఆమె భుజం మీద చెయ్యేశాడు. కసురుకోలేదు, ముద్దుగానే చెప్పాడు. "బేరం కోసం లేపిన చెట్టు పిన్నీ. బతకడానికి లేపింది కాదు. నాకు నేర్పింది నువ్వే కదా. వచ్చే జనవరిలో కబురు చేస్తాను, ప్రదర్శన పని మాత్రం నువ్వు చెయ్యకపోతే ఎవరు చేస్తారు! మధ్యలో మాత్రం పని లేదు, ఏమీ అనుకోకు."

అరవడం ఐలీకి తెలుసు, కాని ఏమని అరవాలి? ప్రతి మాటా తనదే.

తన గదికి తీసుకుపోదామంటే నిట్టనిలువు మెట్లు, తొట్టి ఎత్తడానికి నలుగురు కావాలి, ఎత్తినా తలుపులో పట్టదు. ఆ రాత్రికి చెట్టుని లోపలే ఉంచనిమ్మని హాలు కాపలావాడిని బతిమాలింది. అతను వెనక తలుపు తీసిపెట్టి, గడియారం చూపించాడు. ఐలీ అప్పుడు గుమ్మం దగ్గర హిల్కాని చూసింది. చెట్టు చూడటానికి మూడు రోజులూ వచ్చింది ఆ ముసలావిడ, వచ్చి దూరంగా నిలబడి చూసి వెళ్ళిపోయేది. ఇప్పుడు కోటు బొత్తాలు పెట్టుకుంటోంది.

ఐలీ పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "తల్లీ, నీ వసారా... గాజు వసారా ఉంది కదా నీకు? పొయ్యి కూడా ఉందన్నావు. జూన్ దాకా. రెండున్నర నెలలు. కట్టెలన్నీ నేనే తెస్తాను, రోజూ వచ్చి నేనే చూసుకుంటాను."

హిల్కా ఆమెను ఎగాదిగా చూసింది. "చోటు లేదమ్మా. లైలాక్ ఉంది."

"ఏ లైలాక్?"

"నువ్వు పారేసింది. బతికింది. ఎండాకాలం బయట పెడతాను, చలికాలం లోపల. ఇప్పుడు మొగ్గలు వేసింది. వసారా నిండా అదే."

అయితే బతికేవన్నమాట. ఇరవై రెండేళ్ళ చెట్లు, ఆ గోడ పక్కన పెట్టినవన్నీ, ఎవరో ఒకరు పొయ్యి పెట్టి ఉంటే బతికేవి.

"నా వసారాలో ఒక్కదానికే చోటు" అంది హిల్కా. గొంతులో కోపం లేదు. "దాన్ని తీసి బయట పెడితే నీది పడుతుంది. పెట్టమంటావా? నువ్వే చెప్పు."

ఒక మనిషి ఆలోచించాల్సిన ప్రశ్న అది. ఐలీ ఆలోచించలేదు.

"పెట్టెయ్" అంది.

హిల్కా తల ఊపింది. "నువ్వు అదే అంటావనుకున్నాను. అడిగి చూశానంతే." చేతితొడుగులు వేసుకుని, టోపీ చెవుల మీదికి లాక్కుని, వెళ్ళిపోయింది.

ఆరింటికి ఐదు నిమిషాలుందనగా పనివాళ్ళు ఆపిల్‌ని హాలు వెనక గోడ దగ్గర లైలాక్‌ల వరసలో పెట్టారు. ఐలీ తన కోటు విప్పి కొమ్మలకి కప్పింది. కోటు కింది కొమ్మకి కూడా సరిపోలేదు. ఈసారి వెనక్కి తిరిగి వెళ్ళకుండా అక్కడే నిలబడి మొత్తం చూసింది, తెల్లటి రేకులు ఒక్కొక్కటీ గోధుమరంగుకి తిరగడం. ఆ పద్దెనిమిదేళ్ళూ ఆ చెట్టుతో ఆమె ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఆ సాయంత్రం మాట్లాడింది. ఏం మాట్లాడిందో కాపలావాడు విన్నాడు గాని, ఎవరు అడిగినా చెప్పలేదు.

మే నెలలో రేనో లారీల మీద కొత్త బొమ్మ వేయించాడు. పూసిన ఆపిల్ కింద ఐలీ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. పక్కన పెద్ద అక్షరాల్లో, మీ పెరట్లోకి జూన్ నెల తెస్తాం అని. ఆ లారీలు ఊరంతా తిరిగాయి, బేకరీ ముందు నుంచి కూడా పోయాయి. ఐలీ మేడ మీద కిటికీకి పరదా కట్టుకుంది. చివరి సీసా జామ్ ఆగస్టుకి అయిపోయింది.

జనవరిలో రేనో కబురు చేశాడు. ఊరంతా ఆమె వెళ్ళదనే అనుకున్నారు. వెళ్ళింది. పెద్ద గాజుగదిలో పన్నెండు లైలాక్‌లను లేపింది, శుక్రవారానికి పూయించింది, గుమ్మం దగ్గర నిలబడి మూడు రోజులు జూన్ నెల అమ్మింది. ఆదివారం సాయంత్రం పనివాళ్ళను ముట్టుకోనివ్వకుండా తనే ఒక్కొక్క కుండీ ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి గోడ పక్కన పెట్టింది. పెట్టి, ఎవరైనా చేతిబండి తీసుకుని చెట్టు అడగడానికి వస్తారేమోనని వీధి మలుపు వైపు చూస్తూ నిలబడింది.

ఆ ఏడు చెట్టు కావాలని ఎవ్వరూ రాలేదు.