కొండవీడు నుంచి భాను తెచ్చిన రాయి

మా చిన్నప్పుడు మిరపకోతల రోజుల్లో అమ్మ మా మొహాలు ముట్టుకునేది కాదు... పొద్దస్తమానం కాయ కోసిన చేతులవి. ఆముదం రాసినా, పుల్ల మజ్జిగతో కడిగినా ఆ ఘాటు పోదు. పిల్లల కళ్లు మండుతాయని భయం. అందుకని కోతలు అయ్యేదాకా మా చెల్లెలు భానుకు మొహం కడగడం, జడ వేయడం, బొట్టు పెట్టడం అన్నీ నా పనే. ఇంటికి పెద్దదాన్ని నేను.

ఆ రోజు పొద్దున కూడా అంతే. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. నాయనమ్మ వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. నాన్న ఎద్దులకు కుడితి పెడుతున్నారు. అమ్మ చెయ్యి తగలకుండా గరిటెతోనే పులిహోర తీసి సత్తు క్యారేజీలో సర్దుతోంది. మా హైస్కూలు పిల్లల్ని ట్రాక్టరు ట్రక్కులో కొండవీడు కోటకు తీసుకెళ్లే రోజు అది. నాది తొమ్మిదో తరగతి, భానుది ఆరు. వారం నుంచి ఇద్దరికీ అదే ధ్యాస.

బొట్టు పెడదామని భాను గడ్డం పట్టుకున్నాను... కాలుతోంది.

"ఏమే, ఒళ్లు ఇంత వేడిగా ఉంది?"

"అమ్మకు చెప్పమాక అక్కా... నీకు దణ్ణం పెడతా."

చెబితే అమ్మ ఇద్దర్నీ ఆపేస్తుంది. నన్నొక్కదాన్నే పంపదు. నాకూ వెళ్లాలనే ఉంది... ఆ మాట ఇక్కడ దాచను. బొట్టు పెట్టి, రిబ్బను ముడి వేశాను.

అమ్మ గడప దగ్గర నిలబడి దూరం నుంచే చూసింది. "చెల్లి చెయ్యి వదలమాక" అంది. అంతే.

ట్రక్కులో అందరికంటే గట్టిగా పాడింది భాను. కొండ కింద దిగి మెట్లెక్కడం మొదలుపెట్టాక మాత్రం సగంలోనే కూలబడిపోయింది.

"ఏమ్మా ఆరో తరగతీ! అప్పుడే అయిపోయిందా? రాజులు ఎక్కిన మెట్లమ్మా ఇవి" అన్నారు సోషల్ మాస్టారు.

"రాజులు గుర్రాలెక్కి వచ్చుంటారు మాస్టారూ, మాకు కాళ్లేగా!"

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

పైన కూలిన గోడలు, కప్పు లేని మండపాలు, వాటి మధ్య ఒక చెరువు... గోడ పక్కన నిలబడి కిందికి చూస్తే పొలాలన్నీ పరిచిన దుప్పట్లలా కనిపించాయి. పత్తి చేలు ఒక వైపు, కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు ఒక వైపు. భాను ఒక ఎర్ర మచ్చ వైపు చెయ్యి ఊపింది.

"అదిగో మన కళ్లం! అమ్మా..."

"మనది అటు కాదే పిచ్చిదానా."

"ఎవరిదైతే ఏంలే అక్కా. అక్కడా ఎవరో ఒకళ్ల అమ్మ ఉంటది."

ఆ రోజు మొత్తానికి నాకు మిగిలిన సంతోషం అదొక్కటే.

పులిహోర ముట్టలేదు భాను. దాని వాటా కూడా నేనే తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కూలిన మండపం నీడలో కూర్చుని ఉంది. చేతిలో పిడికిలంత రాయి ముక్క, దాని మీద తామర రేకు చెక్కి ఉంది. దాన్ని చెంపకు ఆనించుకుంది, తర్వాత నుదుటికి.

"ఎంత చల్లగా ఉందో చూడక్కా..."

లంగా అంచులో మూట కట్టుకుంది. అది ఎందుకు కావాలో నాకు తెలుసు. వద్దనలేదు.

సాయంత్రం ట్రక్కు దిగేసరికి భాను నిలబడలేకపోయింది. నులక మంచం మీద పడుకోబెడుతుంటే మూట విడిపోయి రాయి కింద పడింది. నాయనమ్మ గుండెలు బాదుకుంది.

"కోటలో రాయి ఇంటికి తెస్తారటే ఎవరన్నా! ఎంతమంది ఏడ్చి పోయిన చోటో అది... ఏది అంటుకుందో నా తల్లికి!"

అమ్మ అప్పుడే పొలం నుంచి వచ్చింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వంగి, మోచేత్తో భాను నుదురు తాకి చూసింది.

నాన్న నా వైపు తిరిగారు. "పెద్దమ్మాయ్, పొద్దున బానే ఉందా?"

"బానే ఉంది నాన్నా."

నాలుగో రోజు చిలకలూరిపేట ఆసుపత్రిలో భాను పోయింది. మెదడువాపు అన్నారు. జ్వరం ఎప్పుడు మొదలైందని అంతకు ముందు రోజు డాక్టరు గారు అడిగితే, "కొండెక్కిన రోజు సాయంత్రమండీ" అని చెప్పారు నాన్న. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

నాయనమ్మ, నాన్న, అమ్మ... ముగ్గురూ పోయేదాకా ఆ రాయినే తిట్టుకున్నారు. నేను రోజూ దీపం పెట్టేటప్పుడు భాను పేరు తలుచుకుంటాను. దేవుణ్ణి ఏమీ అడగను.

ఇప్పుడు కొండ పైదాకా రోడ్డు వేశారు. కోతలకు వెళ్లేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకుంటున్నారు. మొన్న మా మనవరాలు వాళ్ల బడి వాళ్లతో అదే కొండకు వెళ్లింది. నుదురు రెండుసార్లు చూశానని, "అమ్మమ్మా, నాకేం లేదు, బస్సు వెళ్లిపోతుంది!" అని విసుక్కుంది. విసుక్కోనీ...

చిన్నప్పుడు మీరు మింగేసిన మాట ఏదైనా ఉంటే, అది వినాల్సినవాళ్లు ఇంకా ఉండగానే చెప్పేయండి. ఇక్కడ రాసినా చదువుతాను. నేను చెప్పాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

భాను మూటలోంచి రాయి పడిన ఆ సాయంత్రం మా ఇంట్లో తేల్చుకున్నది ఇదీ... జ్వరం కొండ మీదే పట్టుకుంది కాబట్టి పేట ఆసుపత్రికి వెళ్లడం తర్వాత. ముందు తెల్లారగానే నాన్న కొండెక్కాలి. రాయిని తీసిన చోటే పెట్టి, కొబ్బరికాయ కొట్టి రావాలి. రెండు రోజులు చూసి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరు.

రాయి ఎక్కడిదో నాన్నకు గుర్తులు చెప్పింది నేనే... చెరువు గట్టు, కూలిన మండపం, ఎడమ పక్క మూడో స్తంభం కింద.