అవ్వ చేత పట్టించిన కెమెరా

సెల్‌ఫోన్లలో కెమెరాలు వచ్చినా, వాటితో తీసిన ఫోటోలో ఉన్నదెవరో గుర్తుపట్టాలంటే ఆ మనిషి ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు ముందే తెలిసి ఉండాల్సిన కాలం అది. అందుకే అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా అంటే అందరికీ మహా మోజు. డిగ్రీ అయిపోగానే నేను వికారాబాద్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో చేరి, అద్దాల బీరువా వెనక నిలబడి ఆ కెమెరాల గురించి గడగడా చెప్పేదాన్ని. మెగాపిక్సెల్, జూమ్, మెమరీ కార్డు, అన్నీ నోటికి వచ్చు. (దుకాణం గుమ్మం దాటి ఒక్క ఫోటో అయినా తీశావా అని ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.) చేరి ఇరవై రోజులే అయింది. నెలపాటు చూసి, ఉంచుకోవాలో వద్దో చెప్తానన్నాడు మా దుకాణం సారు.

అప్పుడు తాండూరు నుంచి ఒక మేడం వచ్చింది. అక్కడ ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఆవిడే నడిపేది. పిల్లలకు ఫోటోలు తీయడం నేర్పించాలని, అందుకు పది కెమెరాలు కావాలని అంది. నేను నా గడగడ అందుకున్నాను. ఆవిడ చివరిదాకా ఓపిగ్గా విని, కళ్లజోడు సవరించుకుని, "డబ్బా మీద రాసింది నేను గూడ చదువుకుంట బిడ్డా. ఎన్నడు కెమెరా ముట్టనోళ్ల చేత పట్టించి చూడు. ఏమైందో ఉన్నదున్నట్టు కాయితం మీద రాసి సోమవారం తీస్కరా. గప్పుడు చెప్త కొనేది లేనిది" అంది. ఆవిడ వెళ్లాక సారు ఒక కెమెరాను డబ్బాతో సహా నా చేతిలో పెట్టి, "జర పైలం. గిది మంచిగ జేస్తే నీ నౌకరి పక్కా" అన్నాడు. చెయ్యకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

కెమెరా ముట్టనివాళ్లకు మా ఇంట్లో కొదవ లేదు. బషీరాబాద్ దగ్గరి మా ఊళ్లో మాది గొర్రెలు కాసే ఇల్లు. శనివారం సాయంత్రం బస్సులో కూర్చుని, ఆ కెమెరాకున్న బటన్లన్నీ ఒకటికి రెండుసార్లు నొక్కి చూస్తూ ఊరు చేరాను. ఆదివారం పొద్దున్నే మా అవ్వను, అంటే నాయన తల్లిని, పిలిచి కెమెరా చేతికిచ్చాను. మందతో బయలుదేరుతున్న తాతను ఆపి కందిచేను గట్టున నిలబెట్టాను. తాత తలపాగా సర్దుకుని, రెండు చేతులూ తొడలకు అంటించి, రేషన్ కార్డులో ఉన్నట్టే బిగుసుకుపోయాడు. అవ్వ బటన్ నొక్కింది. కెమెరా ముందున్న చిన్న దీపం మిణుకుమిణుకుమంది కానీ ఫోటో పడలేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ దీపమే.

"గట్టిగ నొక్కవ్వా" అన్నాను.

"గింతకంటె గట్టిగ నొక్కితే ఇరుగుతది."

"ఇంకెంతసేపు?" అన్నాడు తాత, పెదవులు కదపకుండా. "ఊపిరి వట్టుకున్న."

ఫోటో తీసేటప్పుడు ఊపిరి పీలిస్తే బొమ్మ చెదిరిపోతుందని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. బుగ్గలు ఉబ్బి, ముఖం కందగడ్డలా అయ్యేదాకా మేము గమనించనే లేదు. ఆయన్ను వదిలేసి నాయనను నిలబెట్టాం, అమ్మను నిలబెట్టాం, ఆఖరికి గొర్రెలను, ఇంటి గోడను కూడా తీయబోయాం. అందరూ ఎవరో పెద్ద అధికారి ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. (గోడ సంగతి సరే, గొర్రెలు కూడా ఆ రోజు అలాగే నిలబడ్డాయి.) ఒక్క ఫోటో పడలేదు. బ్యాటరీ తీసి పెట్టాను, ఊదాను, ఎండలో పెట్టాను, నీడలో పెట్టాను. సాయంత్రమైంది. దుకాణం వాళ్ల కెమెరా నా దగ్గర పాడైంది, ఇక నౌకరి మాట మరిచిపోవడమే అనుకున్నాను.

అవ్వ నాకంటే ఎక్కువ చిన్నబోయింది. "మొదలు నా చేతికే ఇచ్చినవు. నా మొద్దు చేతులల్లనే ఖరాబైంది" అంది.

"నీ తప్పేం లేదవ్వా."

"రేపు నేను గూడ వస్త. ఆ మేడంకు నేనే చెప్త. నా వల్ల నీ నౌకరి పోవద్దు."

సోమవారం తాండూరు బస్సులో అవ్వ పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, కెమెరాను తువాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నాపరాళ్ల లారీలు తిరిగి తిరిగి గుంతలు పడ్డ రోడ్డది. ప్రతి గుంతకూ దాన్ని రెండు చేతులా గాల్లోకి ఎత్తి పట్టుకునేది. నా సంచిలో కెమెరా డబ్బాతో పాటు నేను రాసిన కాయితం ఉంది. అందులో రెండే మాటలు: "కొత్తవాళ్లకు ఈ కెమెరా పనికిరాదు. పాతవాళ్లకు కూడా."

హాస్టల్ వసారాలో మేడం కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడంటే భయంతో కాబోలు, పాతికమంది పిల్లలు వెనక చప్పుడు లేకుండా బారుగా నిలబడ్డారు. నేను నిన్నటి సంగతంతా చెప్పి, కెమెరాను వాళ్ల వైపు పెట్టి, "చూడండి మేడం, నొక్కితే ఇట్ల దీపం ఒక్కటే వస్తది" అని చూపించాను. దీపం మిణుకుమంటూనే ఉంది. అవ్వ ఇక ఆగలేక మేడం పక్కకు పోయి నిలబడింది.

"మా పొల్ల మంచిగనే పట్టుకున్నది మేడం. నొక్కింది నేను. మా ముసలాయన గిట్ల నిలవడ్డడు" అంటూ చేతులు తొడలకు అంటించి, కళ్లు పెద్దవి చేసి, బుగ్గలు రెండూ ఉబ్బించి, ఊపిరి బిగబట్టి నిలబడింది. "గిట్లనే నిలవడ్డడు, శానసేపు."

పిల్లలు పెదవులు బిగబట్టారు. ఎవరో ఒక పిల్ల ముక్కులోంచి చిన్న చప్పుడు చేసింది. అంతే, కట్ట తెగినట్టు అందరూ ఒక్కసారిగా నవ్వారు. మేడం చేతిలోని ఫైలు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత అది కూడా తీసేసి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. వాళ్లను చూసి అవ్వ కూడా నవ్వింది. సరిగ్గా అప్పుడే నా చేతిలో టిక్కుమని చప్పుడు. మళ్లీ టిక్కు. మళ్లీ. నేను కెమెరాను కింద పడేసేదాన్నే.

మేడం డబ్బాలోంచి చిన్న పుస్తకం తీసి, ఒక పేజీ దగ్గర ఆగింది. "గిది చదివినవా?"

"లేదు మేడం."

"నవ్వే మొఖం కనపడితేనే ఫోటో తీసే ఏర్పాటు ఉన్నదట దీంట్ల. ఏదో బటన్ నొక్కి దాని మీద పెట్టినట్టున్నవు. నిన్న పొద్దంత మీ ఇంట్ల ఒక్కరు గూడ నవ్వలేదా?"

"ఫోటో తీస్తుంటె ఎవరన్న నవ్వుతరా మేడం?" అని అడిగింది అవ్వ, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆ ఏర్పాటు తీసేశాక మధ్యాహ్నమంతా కెమెరా పిల్లల చేతుల్లోనే తిరిగింది. నేను పక్కన నిలబడి కొత్త కాయితం రాశాను. ఎండలో వెనక తెర కనిపించదు. జూమ్ చేస్తే చెయ్యి వణికిన ప్రతి వణుకూ బొమ్మలో పడుతుంది. గదిలో వెలుతురు తక్కువైతే మసక. కానీ చిన్న చేతుల్లో చక్కగా ఇముడుతుంది, తాడు మణికట్టుకు వేసుకుంటే జారదు, ఎన్నడూ ముట్టని పిల్ల కూడా మూడోసారికి తేటగా తీస్తుంది. ఇచ్చే ముందు పుస్తకం చదవాలి, అమ్మేవాళ్లు కూడా. మేడం ఆఖరి మాట రెండుసార్లు చదివి, పదీ పంపించమంది.

మా సారు మాత్రం కాయితం చూసి పరేషాన్ అయ్యాడు. "సరుకు అమ్మేటోళ్లు సరుకుల ఉన్న తప్పులు, ఐబులు గూడ రాస్తరా?" అన్నాడు. అయినా నన్ను ఉంచుకున్నాడు. ఆ తర్వాత దుకాణానికి ఏ కొత్త వస్తువు వచ్చినా, మిక్సీ అయినా ఇస్త్రీపెట్టె అయినా, శనివారం నా చేతిలో పెట్టి, "మీ అవ్వకిచ్చి సూడు" అనేవాడు.

మేడం ఆ రోజు ఫోటోల్లో ఒకటి పెద్దగా వేయించి పంపింది. అందులో అవ్వ నోరంతా తెరిచి నవ్వుతోంది, వెనక పిల్లలు ఒకరి మీద ఒకరు వాలిపోతున్నారు. అవ్వ దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"నేను గిట్లుంటనా?"

"గిట్లనే ఉంటవవ్వా."

"మంచిగనే ఉన్న గద" అని కొంగుతో ఫోటో తుడిచి పెట్టెలో చీరల మధ్య పెట్టుకుంది.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ మధ్యాహ్నం ఆమె హాస్టల్ వసారాలో నన్ను తీసిన ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. కొంచెం ఒరిగింది, నెత్తి పైభాగం తెగిపోయింది. చేతిలో కాయితం, చెవి మీద పెన్ను, ప్రపంచంలోని కెమెరాలన్నిటికీ తీర్పు చెప్పబోతున్నట్టు ఒక సన్నటి పిల్ల నిలబడి ఉంది. నుదుటి మీద ఉండాల్సిన బొట్టుబిళ్ల జారి కనుబొమ్మ మీదికి వచ్చింది. ఆ రోజంతా అలాగే తిరిగాను. ఆ సంగతి ఒక్కరూ చెప్పలేదు.