మేవే దొంగలం, ఫోను పెట్టేయ్!

భావనపాడులో చేపలవేట మీద బతికే ఇంట్లో పుట్టి డిగ్రీ చదివిన గంగులు, కంప్యూటర్ ఉద్యోగమన్న ఏజెంటు మాట నమ్మి కంబోడియా వెళ్లాడు. దిగగానే అక్కడివాళ్లు పాస్‌పోర్టు లాక్కుని, కాపలా ఉన్న మేడలో పెట్టారు. పోలీసులమని ఫోన్లు చేసి తెలుగువాళ్లను బెదిరించి దోచడమే పని. చెయ్యనంటే కరెంటు షాకు.

ఒకరోజు బొబ్బిలిలో ఓ ముసలమ్మ ఫోనెత్తి, "నానేటి తప్పు సేసినాను బాబూ?" అని ఏడ్చింది. తమవైపు యాస వినేసరికి గంగులుకి తను చేస్తున్న పని మీదే ఒళ్లు మండిపోయింది.

"నువ్వేటీ సెయ్యలేదమ్మా! మేవే దొంగలం, ఫోను పెట్టేయ్!" అని అరిచాడు. కాపలావాళ్లు అతని చెయ్యి విరగ్గొట్టారు.

మన ఎంబసీవాళ్లు విడిపిస్తే ఇంటికొచ్చి కేసు పెట్టాడు. ఏజెంటు బెయిలు మీద బయటికొచ్చి సాలూరులో మళ్లీ ఆఫీసు తెరిచాడు. గంగులు వెళ్లి ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

"నన్ను దాటి ఎవుడెల్తాడో సూస్తాను!"

ఆరోజు ఉద్యోగాలకని వచ్చిన ముగ్గురు కుర్రాళ్లూ వెనక్కి తిరిగారు.