రేకుల గది

ఆఫీసు వాళ్ళు మీటింగు పేరుతో మమ్మల్ని మూడు రోజులు ఒక సముద్రపొడ్డు రిసార్టులో ఉంచారు. తిరుగు రైల్లో కూడా నా బట్టలకు అక్కడి కంపు పోలేదు. హిందూపురంలో ఎక్కిన ఒకామె చీరల మూట ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. వాళ్ళది ధర్మవరమట, ఇంట్లో మగ్గం ఉందట.

"యాడ నుంచి వస్తాండావప్పా?" అని అడిగింది.

ఊరి పేరు చెప్పగానే ఆమె మొహం వెలిగింది. "సముద్రం శానా బాగుంటాదంట కదా!"

నాలోని అసహ్యమంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. ఇసుక నిండా డైపర్లు, సీసా పెంకులు అన్నాను. దుప్పట్లు ముక్కిన వాసన, చేపల కూర మీద ఈగలు అన్నాను.

"అన్నిటికంటే రోత వంటోళ్ళు పడుకునే చోటక్కా. మురుగుకాలవ పక్కనే రేకుల గది. పందులు గూడా ఉండవు ఆడ."

ఆమె పెనుకొండ దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"మా ఇంటాయన ఆ ఊర్లోనే వంటపని చేస్తాండాడు," అంది తర్వాత. "ఏసీ రూమిచ్చినారని చెప్తాండాడు."

అన్నిచోట్లా అట్లా ఉండదని ఏదో నసిగాను. ఆమె వినిపించుకోలేదు. ధర్మవరం దగ్గర పడుతుండగా ఫోన్ తీసింది.

"నువ్వు ఇంటికొచ్చెయ్," అంది భర్తతో. "ఎందుకంటావేమి? మగ్గం నా ఒక్కదాంతో కావడం లేదు. నువ్వు రావల్ల."

గది సంగతి ఎత్తనే లేదు.