పురిటింటికి అందని పైపు

మా ప్రాంతానికి మురుగు పైపులు వేసే ప్లాన్‌ను చందాపుర దగ్గర ఒక కల్యాణమండపంలో గోడకు అంటించి చూపించారు. ఎర్రగీత పెద్దరోడ్డు వెంట వచ్చి, ఇంకా పునాదులైనా పడని అపార్ట్‌మెంట్ల వైపు తిరిగింది. పదేళ్ళుగా కాపురముంటున్న మా వీధిని రెండో విడతకు తోశారు.

అప్పుడు మా అమ్మాయికి ఆరో నెల. తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకోవాలని నా భార్య ఆశ. మాకున్నది పెరట్లో మురుగు గుంత ఒక్కటే. వానాకాలంలో బండిని పిలిచి తోడించినా వారం తిరక్కుండా నీళ్ళు ఊరి మళ్ళీ నిండేది. ఆ సంగతే ప్లాన్ చూపిస్తున్న ఇంజనీరుకు చెప్పాను.

"ముప్పై ఏండ్లకి వచ్చే జనాన్ని లెక్కేసి ప్లాన్ చేసుండాము అప్పా," అన్నాడు.

"మూడు నెలలకి మా ఇంటికొచ్చే బిడ్డని ఎవరు లెక్కేస్తారు సార్?"

"అంత అర్జెంటైతే పురుడు ఆస్పత్రిలోనే పెట్టుకో."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా పక్కింటాయన కూడా నవ్వాడు. ఆయనతో నేను ఇప్పటికీ మాట్లాడను. ఆ తర్వాత ప్రతి సోమవారం ఆ ఇంజనీరు ఆఫీసుకు వెళ్ళాను. నన్ను చూడగానే ఫ్యాను కింద ఉన్న కుర్చీ లోపలికి తీసుకుపోయేవాళ్ళు.

మనవరాలు పుట్టింది. పురిటిస్నానం నాడు వియ్యపురాలు వచ్చింది. నా భార్య మా అమ్మాయికి తలంటి కాగునిండా వేన్నీళ్ళు పోస్తుండగానే స్నానాలగది తూములోంచి నల్లనీళ్ళు పైకి వచ్చి అమ్మాయి పాదాలను ముంచేశాయి. వియ్యపురాలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"పచ్చి బాలింతని ఈ కంపులో ఎట్ల పెట్టుకుంటివమ్మా? మా ఇంటికాడ లైనుండాది."

సాయంత్రానికే తల్లినీ బిడ్డనూ కారెక్కించుకుపోయింది. నా భార్య తడిచీరతోనే వీధిలోకి వెళ్ళి, బాలింత కోసం కొట్టిన వెల్లుల్లికారం డబ్బా కారు కిటికీలోంచి అందించింది. నేను లోపల ఆ నీళ్ళు ఎత్తిపోస్తూ ఉండిపోయాను.

నిరుడు పైపు మా వీధికి వచ్చింది. కనెక్షన్ ఇచ్చిన రోజే నా భార్య అమ్మాయికి ఫోన్ చేసింది. అప్పటికి దానికి రెండో కాన్పు దగ్గరపడింది.

"లైనొచ్చింది మే. ఈతూరి ఏ ఇబ్బందీ లేదు, వచ్చేయ్."

"అత్తమ్మ ఈడే అన్నీ సర్దేసిందిమా. ఇప్పుడు వస్తానంటే ఏం బాగుంటాది?"

"సరేలే. నీకేది అనువైతే అదే చెయ్యి," అని ఫోన్ పెట్టేసి, పెరట్లో గుంత పూడ్చే కూలీలకు మజ్జిగ కలపడానికి లేచింది.

ఆస్పత్రిలో పెట్టుకోమన్న ఆ ఇంజనీరును చూడాలని నేను మళ్ళీ ఆ ఆఫీసుకు వెళ్ళాను. బదిలీ అయిపోయాడట. ఎక్కడికని అడిగాను. ఎవరూ చెప్పలేదు.