బావ బాగుచేసిన కుళాయి

టెస్టింగు బావ ఒకసారి ఒక్క చేత్తో సముద్రాన్ని ఆపేశాడు. సరే, సముద్రం కాదు, గుట్ట మీది జలాశయం. ఆపింది జలాశయాన్ని కూడా కాదు, దాని నుంచి వచ్చే గొట్టాన్ని. అది అప్పటికే మూసి ఉందని గిట్టనివాళ్ళు అంటారు. వాళ్ళ మాట వదిలేయండి. ఒక్క చేత్తో అన్నది మాత్రం నిజం, ఎందుకంటే రెండో చేతిలో టీ గ్లాసు ఉంది.

కుళాయి కనిపిస్తే తిప్పి పరీక్షించకుండా ఉండలేకపోవడం ఆయన జబ్బు. టెస్టింగు బావ అన్న పేరు అందుకే వచ్చింది. పెళ్ళికి వెళితే పెళ్ళికొడుకును చూడడానికి ముందే చేతులు కడిగే చోటు చూసి వచ్చేవాడు. ఒకసారి ఎవరో పెద్దమనిషి పోతే పలకరించడానికి వెళ్ళాడు. ఏడుస్తున్నవాళ్ళ మధ్య నుంచి మెల్లగా లేచి, పెరట్లోకి వెళ్ళి, వచ్చి కూర్చుని, "పాతకాలపు సరుకు, చాలా గట్టిది. ఇప్పుడు ఇలాంటివి రావడం లేదు" అన్నాడు. పోయినాయన గురించే అనుకుని అందరూ మళ్ళీ మొదటి నుంచి ఏడ్చారు.

ఆయన ఉద్యోగం అలాంటిది. అణువిద్యుత్ కేంద్రంలో కరెంటు పోయి, జనరేటర్లు మొరాయించి, పంపులన్నీ చేతులెత్తేస్తే, లోపలి వేడిని చల్లార్చడానికి ఎక్కణ్ణుంచో నీళ్ళు రావాలి కదా. గుట్ట మీది జలాశయం నుంచి కేంద్రం దాకా అందుకోసం వేసిన గొట్టాల వరస ఉంది. అది వేసినవాళ్ళకు మేస్త్రీ ఈయనే. వేశాక దాన్ని కాచుకుని ఉండడం కూడా ఈయన పనే అయింది.

ఆయన బావమరిదికి పట్నంలో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. నెలకోసారి బావ బస్సు దిగి ఆ ఇంటికి వచ్చేవాడు. చెప్పులు విడవకముందే అడిగేవాడు.

"ఏమోయ్, వంటింటి కుళాయి ఎలా ఉంది?"

"కారుతోంది బావా. నువ్వు బాగుచేసి వెళ్ళినప్పటి నుంచి కారుతోంది."

"చూస్తాను పద."

అరగంట సేపు లోపల స్పానరు చప్పుడు అయ్యేది. బావ బయటికొచ్చి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "ఇక మీ మనవల కాలం దాకా కారదు" అనేవాడు. మర్నాడు పొద్దున్నకి కారేది. వీధి చివరి ప్లంబరు వచ్చి ఆపేవాడు. మళ్ళీ బావ వచ్చేవాడు. మళ్ళీ కారేది.

"అణుకేంద్రాన్ని ఈయన చేతిలో పెట్టారా అండీ?" అని బావమరిది భార్య ఆందోళనగా అడిగేది. "మనం ఇంకొంచెం దూరంగా ఇల్లు చూసుకుందామా?"

బావమరిది నవ్వేవాడు. బావను ఆటపట్టించడానికి అంతకంటే మంచి సరుకు అతనికి దొరకలేదు.

"మీ గొట్టాల్లో నీళ్ళు ఎప్పుడైనా పారాయా బావా?"

"పరీక్షకి తప్ప పారలేదు."

"అంటే ఇన్నేళ్ళూ పనికిరాని పని చేశావన్నమాట."

"పనికి రాకూడదనే చేశాను."

"మరి నెలనెలా ఏం చేస్తారక్కడ?"

"వాల్వులు తిప్పుతాం. తిప్పి, మళ్ళీ మూసేస్తాం."

"దానికి జీతమా?"

"తిప్పకపోతే బిగుసుకుపోతాయోయ్. బిగుసుకున్నాక బలం పెడితే విరుగుతాయి. అందుకని కొంచెం కొంచెం తిప్పుతూ ఉండాలి."

ఇదంతా బావ గొప్పలు చెప్పుకోవడమే అనుకున్నాడు బావమరిది. కళ్ళజోళ్ళు అమ్మేవాడు అంతకంటే కొంచెం దూరం చూసి ఉండవలసింది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ప్రతిసారీ ఒకే సంభాషణ.

"మీ అక్కకేమైనా చెప్పమంటావా?"

"ఏమీ లేదు."

"సరే. ఏమీ లేదన్నావని చెప్తాను."

అక్కకూ అతనికీ మాటల్లేవు. తల్లి పోయినప్పుడు అక్క సమయానికి రాలేకపోయింది. గొట్టాల పని కోసం అక్కా బావా ఊరికి దూరంగా, డేరాల్లో ఉంటున్న రోజులు. కబురు అందేసరికి ఆలస్యమైంది. ఆమె సంచి పట్టుకుని గుమ్మంలో అడుగు పెట్టగానే అతను అందరి ముందూ అన్నాడు: "నువ్వు రాకపోయినా ఇక్కడ ఏ పనీ ఆగలేదు." అక్క సంచి కింద పెట్టనే లేదు. అలాగే వెనక్కి తిరిగింది. ఆ మాట అనడానికి ఒక్క క్షణం పట్టింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకుంటూ ఉండగానే అతని జుట్టు నెరిసింది.

ఒక నెల బావ రాలేదు. ఆ పై నెలా రాలేదు. ఇంట్లో వింత ఒకటి జరిగింది. ప్లంబరు ఆపిన కుళాయి ఆగిపోయే ఉంది. వంటిల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి భార్యాభర్తలకు ముద్ద దిగలేదు.

"అన్నయ్యగారు ఎందుకు రాలేదో కనుక్కోండి."

"ఎవర్ని అడగను?" అన్నాడతను. అడగడానికి ఉన్నది అక్క ఒక్కతే.

ప్లంబరు దుకాణంలోకి కళ్ళజోడు కోసం వచ్చినప్పుడు మాటల్లో అన్నాడు: "మీ ఇంట్లో దయ్యం ఉంది సార్. నేను ప్రతిసారీ కొత్త నీలం వాషరు వేస్తాను. మళ్ళీ విప్పితే లోపల అరిగిపోయిన నల్లది ఉంటుంది. ఇదిగో, పోయినసారి తీసింది." బల్ల మీద పెట్టాడు. బావమరిది దాన్ని భూతద్దం కింద చాలాసేపు చూశాడు. తర్వాత జేబులో వేసుకుని, దుకాణం మూసి, బస్సెక్కాడు.

తలుపు అక్క తీసింది. ఆమె కూడా నెరిసిపోయింది. ఇద్దరూ కాసేపు ఒకరి జుట్టు ఒకరు చూసుకున్నారు.

"ఆయన జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు," అంది అక్క. "స్నానాలగదిలో. దేన్నో తిప్పబోయి." ఆగి అడిగింది. "ఏమైనా చెప్పాలా?"

అలవాటుగా నోటికొచ్చేసింది. "ఏమీ లేదు."

"ఆ మాట నాకు నెలనెలా అందుతూనే ఉంది. లోపలికి రా."

వంటింటి అరలో గాజు సీసా ఉంది. దాన్నిండా నీలం వాషర్లు, అన్నీ కొత్తవి.

"మీ ఇంటికి బయల్దేరేటప్పుడు అరిగింది ఒకటి జేబులో వేసుకునేవారు," అంది అక్క. "వచ్చేటప్పుడు కొత్తది తెచ్చేవారు. ఎందుకండీ అంటే, మళ్ళీ నెల వెళ్ళడానికి పని ఉండాలి కదా అనేవారు."

"మనిద్దరికీ నచ్చజెప్పొచ్చు కదా. ఒక్కసారి గట్టిగా కసిరితే నేను వచ్చేవాణ్ణేమో."

"నేనూ అదే అన్నాను. బలం పెడితే విరుగుతుందన్నారు."

అతను సీసాను చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా ఉంది. ఒక్కొక్క వాషరూ తను రాకుండా ఉండిపోయిన ఒక్కొక్క నెల. మూత దాకా నిండిపోయింది.

"సీసా అడుగున రెండో మూడో ఉన్నప్పుడే రావలసింది."

"రావలసింది," అంది అక్క.

"ఆ రోజు అలా అనకూడదు."

"అనకూడదు," అంది. "చేతులు కడుక్కో, వడ్డిస్తాను."

అతను వంటింట్లో చేతులు కడుక్కోవడానికి బాగా ఎక్కువ సేపే పట్టింది. అక్క ఏమీ అడగలేదు. స్పానరు ఎక్కడుంటుందో మాత్రం చెప్పింది.

ఆ మర్నాటి నుంచి టెస్టింగు బావ ఇంట్లో కుళాయి కారుతోంది. బావమరిది నెలకోసారి బస్సు దిగి, బాగుచేసి వెళుతున్నాడు.

ఈ కథంతా బావకు వినిపిస్తే, పిండికట్టు కాలు దిండు మీద పెట్టుకుని, మొహం చిట్లించుకుని విన్నాడు. వంటింట్లోంచి టప్, టప్ అని వినిపిస్తూనే ఉంది.

"అంతా కట్టుకథ," అన్నాడు. "నేను పెట్టిన వాషరు కారడమేమిటి? ఆ సీసా ఎవరిదో నాకు తెలియదు. మా ఇంట్లో ఏ కుళాయీ కారడం లేదు. అసలు ఆ ఇంటికి నేను ఎప్పుడూ వెళ్ళిందే లేదు."