సాతుర్నినో చూసిన నల్ల చుక్కలు

సాతుర్నినో యక్తాయో కుడి కన్ను పోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ అతను చేతులు ముడుచుకుని కూర్చోలేదు, పాపం. ఆదివారం తప్ప, పొద్దున్న షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా ఒళ్ళు వంచి పనిచేశాడు. చేసిందంతా కంప్యూటర్ల మీద. ఆ కంప్యూటర్లకు ఏ రోగమూ లేదు.

లీమా నడిబొడ్డున, విల్సన్ అవెన్యూలోని మా గ్యాలరీలో, అంటే కొట్ల సముదాయంలో, నేల కింది అంతస్తులో అతని కొట్టు. అగ్గిపెట్టెంత ఉంటుంది. ఆటలాడేవాళ్ళ కష్టాలన్నీ అక్కడికే వచ్చి పడేవి. గడ్డి ఊదా రంగుకు తిరిగిందని ఒకడు, సైనికుడి మొహం సాగి పైకప్పుకు అంటుకుందని ఇంకొకడు, గోల్‌కీపరుకు కాళ్ళు మాయమయ్యాయని మరొకడు. సాతుర్నినో ఒక్క నిమిషం కదలకుండా తెర వైపు చూసేవాడు. చారలు పడితే ఒక జబ్బు, గళ్ళు పడితే ఒక జబ్బు. గ్రాఫిక్స్ కార్డు మీద ఎనిమిది మెమరీ చిప్పులుంటే అందులో ఏది చెడిందో విప్పకముందే చెప్పేవాడు. విప్పి చూస్తే చాలాసార్లు అదే అయ్యేది.

పదేళ్ళ కిందట ఒక ఇంటర్నెట్ సెంటరు యజమాని ముప్ఫై కంప్యూటర్లు చూపించడానికి పిలిచాడు. అన్నీ బాగున్నాయని అతని నమ్మకం. సాతుర్నినో ఒకదాని ముందు ఆగి, మూలన ఒక గీత వణుకుతోందన్నాడు. యజమాని, అతని స్నేహితులిద్దరు కళ్ళు చిట్లించి చూశారు. ఏమీ కనబడలేదు. "మాస్టారికి ఏదో ఒక వంక దొరక్కపోతే తిన్నది అరగదు" అని నవ్వి పంపేశారు. పదిహేను రోజులు తిరక్కుండా ఆ కంప్యూటరే చచ్చింది. అప్పట్నుంచి గ్యాలరీలో ఒక మాట పుట్టింది: సాతుర్నినో చూశాడంటే ఉన్నట్టే. ఆ మాట పుట్టకపోయినా బాగుండేది. అతనికది బాగా తలకెక్కింది.

ఆగస్టులో ఓ మంగళవారం వాగ్నర్ అనే బ్యాంకు గుమాస్తా తన కంప్యూటరు తెచ్చాడు.

"మాస్టారూ, ఫ్యాను ఒకటే గోల. దుమ్ము దులిపిచ్చెయ్యండి చాలు."

సాతుర్నినో దుమ్ము దులిపి, నడుస్తోందో లేదో చూద్దామని ఫుట్‌బాల్ ఆట పెట్టాడు. పచ్చటి మైదానం మీద మసి చల్లినట్టు నల్ల చుక్కలు కనిపించాయి. అంచున ఏదో తళుక్కుమని ఆగింది.

"మెమరీ పోతోంది" అన్నాడు.

వాగ్నర్ మొహం తెరకు ఆనించినంత పని చేశాడు. "నాకేం కనబడట్లేదే!"

"నీకు కనబడితే ఇక్కడ నేనెందుకు, గోళ్ళు గిల్లుకోడానికా?"

ఆ చుక్కలు తెరమీద లేవు. అతని కుడి కంట్లో లోపలి పొర చిరగడం మొదలైంది. అప్పుడే ఆసుపత్రికి పోయి ఉంటే కన్ను దక్కేది.

అతను మాత్రం పద్ధతి తప్పని మనిషి. అనుమానం వచ్చినప్పుడు తెరమీది బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి, ఇంకో కంప్యూటరులో తెరిచి చూడాలి. మచ్చ అందులోనూ ఉంటే తప్పు కార్డుది. లేకపోతే మానిటరుదో, తీగదో. సాతుర్నినో అలాగే చేశాడు. చుక్కలు అందులోనూ ఉన్నాయి. ఎందుకుండవు? చూసింది ఆ కన్నే కదా! ఆ సంగతి అతనికి తట్టలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ పరీక్ష ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు మరి.

బుధవారం వేడిగాలి గన్నుతో చిప్పులు లేపి, కింద కొత్త టంకం వేసి అతికించాడు. చుక్కలు పోలేదు. గురువారం ఆ కార్డు తీసి తన దగ్గరున్న మంచి కార్డు పెట్టాడు. చుక్కలు పోలేదు. ఇంకెవరైనా అయితే ఇక్కడ ఆగి ఆలోచించేవాళ్ళు. అతనూ ఆలోచించాడు. రెండు కార్డులకూ ఒకటే జబ్బంటే లోపం కరెంటులో ఉండాలని తేల్చి, పవర్ సప్లై మార్చాడు. సాయంత్రం బస్సు కిటికీలోంచి చూస్తే బూడిదరంగు ఆకాశంలోనూ చుక్కలు తేలాయి. పది గంటలు తెర చూసి బయటికొస్తే కళ్ళ ముందు ఏదో ఒకటి ఆడటం అతనికి ఎప్పుడూ ఉన్నదే. పట్టించుకోలేదు.

శుక్రవారం గ్యాలరీ ఎలక్ట్రీషియన్ తెయోదులోను పిలిచి కేకలేశాడు.

"నీ లైన్లో మురికి కరెంటొస్తోంది."

"మురికి కరెంటేంటి మాస్టారూ, ఉతికి ఆరెయ్యమంటారా?" అంటూనే తెయోదులో మీటరు పెట్టి చూశాడు. ముల్లు ఉండాల్సిన చోటే నిలకడగా ఉంది. తెర వైపు కూడా ఒకసారి చూశాడు. "అద్దంలా ఉంది బొమ్మ. చుక్కా లేదు, గిక్కా లేదు."

"స్విచ్చులు బిగించుకునేవాడివి, బొమ్మల సంగతి నీకేం తెలుసు?"

తెయోదులో సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు అతనితో మాట్లాడలేదు.

ఎదుటి కొట్టు నెలీదాది. తీగలు, కీబోర్డులు అమ్ముతుంది. రోజూ పదింటికి వీధిలోకెళ్ళి రెండు గ్లాసుల ఎమోలియెంతే తెచ్చి, ఆ వేడి బార్లీ కషాయం ఒకటి అతని బల్ల మీద పెట్టడం ఆమెకు పదిహేనేళ్ళ అలవాటు. ఈ రభసంతా ఆమె చూస్తూనే ఉంది. సాతుర్నినో ఆమెనూ పిలిచాడు.

"చూడమ్మా నెలీదా, ఆ గోల్ పోస్టు దగ్గర."

ఆమె కళ్ళజోడు స్వెట్టరు అంచుకు తుడుచుకుని సగం ఆట అయ్యేదాకా కుదురుగా చూసింది.

"ఏమీ లేదన్నా. ఎండ మొహం ఎరగని కొట్టు, పైన గుడ్డి దీపం, రోజంతా ఈ తెరలు. ఓసారి కళ్ళ డాక్టరుకి చూపించుకోరాదూ?"

"సోడాబుడ్డి అద్దాలు పెట్టుకున్నది నువ్వు. డాక్టరు దగ్గరికి పోవాల్సింది నేనా?"

"కళ్ళు నెత్తికెక్కాయి నీకు. నాదే బుద్ధి తక్కువ, పిలవగానే వచ్చాను చూడు!"

మరునాడు ఆమె ఒక్క గ్లాసే తెచ్చుకుంది. అతని వైపు చూడలేదు. అతనూ పలకరించలేదు. ఆ మొండితనం ఖరీదు తర్వాత తెలిసింది. ఆమె ఇంకొక్కసారి అడిగి ఉంటే వెళ్ళేవాడేమో.

ఆ శనివారమే వాగ్నర్ కార్డుకు మళ్ళీ వేడి తగిలించాడు. బోర్డు పొంగి, కార్డు నిజంగానే చచ్చింది. వాగ్నర్ వచ్చేసరికి దాన్ని చేతిలో పెట్టి "చెప్పానా, పోతుందని" అన్నాడు. ఆ మాట అతను నమ్మే అన్నాడు. వాగ్నర్ కూడా నమ్మాడు.

"మీ కంట పడింది కాబట్టి సరిపోయింది మాస్టారూ. లేకపోతే ఆట మధ్యలో నా కొంప ముంచేది" అని దణ్ణం పెట్టినంత పనిచేసి, కొత్త కార్డు కొనుక్కుని వెళ్ళాడు. బంగారంలాంటి కార్డును చంపి, దానికి కృతజ్ఞతలు కూడా అందుకున్నాడు సాతుర్నినో.

వాగ్నర్ కంప్యూటరు వెళ్ళిపోయినా చుక్కలు వెళ్ళలేదు. ఆ దరిద్రపు కార్డు పోతూ పోతూ తన కంప్యూటరును కూడా చెడగొట్టిందనుకున్నాడు. సోమవారం తెర కుడివైపు కింది మూలన గోధుమరంగు నీడ పడింది. మానిటరు పోతోందనుకుని కొత్తది తగిలించాడు. మంగళవారానికి ఆ నీడ సగం పైకి పాకింది. కొత్త మానిటరు అమ్మినవాణ్ణి తిట్టి దాన్నీ మార్చాడు.

బుధవారం పదింటికి నెలీదా ఇక పంతం పట్టి ఉండలేక రెండు గ్లాసులతో వచ్చి ఎదురుగా నిలబడింది. సాతుర్నినో తలెత్తి చూశాడు. ఆమె మొహంలో ఒక పక్క మసకబారి ఉంది. నీడ అక్కడా పడింది. నెలీదాకు కార్డు లేదు, తీగ లేదు, మానిటరు లేదు. మార్చడానికి ఏమీ లేదు.

మెల్లగా ఎడమ కన్ను అరచేత్తో మూసుకున్నాడు. నెలీదా, గ్లాసులు, పైనున్న దీపం, అన్నీ ఆ గోధుమరంగు వెనక్కి పోయాయి. ఆ పరీక్షకు ఒక్క క్షణం పట్టింది. తొమ్మిది రోజుల్లో అదొక్కటే చెయ్యలేదు.

"నెలీదా" అన్నాడు.

ఆమె రెండు షట్టర్లూ దించి, టాక్సీ ఎక్కించి సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చాలాసేపు కూర్చోబెట్టాక ఒక చిన్నవయసు డాక్టరమ్మ కంట్లోకి దీపం వేసి చూసింది. చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"రెటీనా ఊడిపోయింది. నడిమి భాగం కూడా. ఆపరేషన్ చేస్తాం గానీ, చూపు వస్తుందని మాటివ్వలేను. మొదటి రోజో, రెండో రోజో వచ్చుంటే..." అని ఆపి, కాగితం ముందుకు లాక్కుంది. "ఎప్పుడు మొదలైంది?"

సాతుర్నినో నిటారుగా కూర్చున్నాడు. పోయిన వారం మంగళవారం, పదకొండూ పదికి, అని చెప్పాడు. ఆ తర్వాత కొట్టుకొచ్చినవాళ్ళకు చెప్పినట్టే వరసగా చెప్పుకొచ్చాడు. స్క్రీన్‌షాట్ తీశాను, చిప్పులు లేపాను, కార్డు మార్చాను, పవర్ సప్లై మార్చాను, మానిటరు రెండుసార్లు మార్చాను. సగంలోనే డాక్టరమ్మ రాయడం ఆపేసింది.

"అక్కడ ఏమీ లేదని మీకు ఎవరూ చెప్పలేదా అండీ?"

పక్కన నెలీదా తల వంచుకుని కూర్చుంది.

"ముగ్గురు చెప్పారమ్మా" అన్నాడు సాతుర్నినో. "వాళ్ళకి చూడ్డం చేతకాదనుకున్నాను."